పైథాన్ లాగింగ్ మాడ్యూల్ సమీక్ష: డిజైన్‌కి పూర్తి మార్కులు, డిఫాల్ట్‌లకి సగమే

సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్‌కి లాగ్, అంటే ఎప్పుడు ఏం జరిగిందో రాసిపెట్టే చిట్టా, ఒక్క చోట పడితే చాలదు. రాసేవాళ్ళకి టెర్మినల్‌లో కనిపించాలి, వారం తర్వాత వెతుక్కోవడానికి ఫైల్‌లో ఉండాలి, పేమెంట్లు ఆగిపోతే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకి మెయిల్ వెళ్ళాలి, సెంట్రల్ లాగ్ సర్వర్ ఉంటే అక్కడికీ ఒక కాపీ చేరాలి. పైథాన్‌లో దీనికోసం విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. భాషతో పాటే వచ్చే లాగింగ్ మాడ్యూల్ ఇవన్నీ చేస్తుంది. చేయించుకోవడం తెలియాలి, అంతే. ఇక్కడ ఆ మాడ్యూల్‌ని ఈ ఒక్క పని కొలబద్దతోనే చూస్తున్నాం: ఒకే లాగ్‌ని ఒకేసారి నాలుగు చోట్లకు పంపడం.

ఇది 2003లో పైథాన్ 2.3తో వచ్చింది. దాని ప్రతిపాదన పెప్ 282 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులు ప్రతిపాదించే పత్రం), రాసినవారు వినయ్ సాజిప్, ట్రెంట్ మిక్. జావావాళ్ళ లాగింగ్ లైబ్రరీ లాగ్4జే పోలికలు దాచినా దాగవు. మిగతా పైథాన్ చాలావరకు చిన్నక్షరాలూ అండర్‌స్కోర్లూ అయితే, ఇక్కడ గెట్‌లాగర్, సెట్‌లెవెల్, యాడ్‌హ్యాండ్లర్ అంటూ పేర్ల మధ్యలో పెద్దక్షరాలు తలెత్తుతుంటాయి. చూడ్డానికి పరాయిగా అనిపించినా, అరువు తెచ్చుకున్న ఆ నిర్మాణమే దీని అసలు బలం.

కోడ్ మాట్లాడేది లాగర్‌తో మాత్రమే. ఆ సందేశం ఎక్కడికి వెళ్ళాలన్నది హ్యాండ్లర్ పని, ఏ రూపంలో వెళ్ళాలన్నది ఫార్మాటర్ పని, అసలు వెళ్ళాలా వద్దా అన్నది లెవెలూ ఫిల్టరూ తేలుస్తాయి. ఒక లాగర్‌కి ఎన్ని హ్యాండ్లర్లైనా తగిలించవచ్చు. కాబట్టి రేపు కొత్త గమ్యం ఒకటి చేర్చాల్సి వస్తే, ప్రాజెక్టులో ఉన్న వందలాది లాగ్ లైన్లలో ఒక్కదాన్నీ ముట్టుకోనక్కర్లేదు. తెర మీదకి పొట్టి వాక్యం, ఫైల్‌లోకి టైమూ, ఫైల్ పేరూ, లైన్ నంబరూ ఉన్న పొడుగు వాక్యం వెళ్ళేలా చెయ్యడం రెండు ఫార్మాటర్ల పని. ఇరవయ్యేళ్ళు దాటినా ఈ పంపకం పాతబడలేదు.

అందరూ మొదట తడబడేది లెవెల్స్, అంటే సందేశం ఎంత తీవ్రమో చెప్పే అంకెల దగ్గర. డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ఈ లెవెల్ లాగర్‌కి ఒకటి ఉంటుంది, ప్రతి హ్యాండ్లర్‌కీ విడిగా ఒకటి ఉంటుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేసిన మనిషి కోసం ఫ్లాట్ తలుపు తెరిచి పెట్టినా ఉపయోగం లేనట్టే, లాగర్ వార్నింగ్ దగ్గర ఉంటే ఫైల్‌హ్యాండ్లర్‌ని డీబగ్‌లో పెట్టినా ఫైల్‌లోకి డీబగ్ రాదు. అన్ని లాగర్లకీ పైన ఉండే రూట్ లాగర్ డిఫాల్ట్ లెవెల్ వార్నింగే. 'హ్యాండ్లర్ పెట్టాను, లెవెల్ పెట్టాను, ఇన్ఫో మాత్రం రావట్లేదు' అనే ఫిర్యాదులో చాలావాటికి కారణం ఇదే. పద్ధతి ఏమిటంటే లాగర్‌ని మీకు కావలసిన అన్నిటికంటే తక్కువ లెవెల్‌లో ఉంచి, ఏ గమ్యానికి ఏది వెళ్ళాలో హ్యాండ్లర్ల దగ్గర కత్తిరించుకోవడం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. లాగర్ల పేర్లు చుక్కలతో వంశవృక్షంలా సాగుతాయి. 'షాప్.బిల్లింగ్' అనే లాగర్ సందేశం దాని సొంత హ్యాండ్లర్లకి వెళ్ళాక పైన ఉన్న 'షాప్'కి, ఆ పైన రూట్‌కి చేరుతుంది. అలా పైకి వెళ్ళేటప్పుడు పై లాగర్ల లెవెల్‌ని ఎవరూ చూడరు, వాటి హ్యాండ్లర్ల లెవెల్‌ని మాత్రమే చూస్తారు. రూట్‌ని వార్నింగ్‌లో పెట్టాం కదా అని ధీమాగా ఉంటే, పిల్ల లాగర్‌ని ఎవరో డీబగ్‌లో పెట్టిన రోజున రూట్ హ్యాండ్లర్లు డీబగ్ సందేశాలతో నిండిపోతాయి. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి రాసే ఉంది, కానీ తొలిసారి చదివినప్పుడు కళ్ళకి ఆనదు.

అమరికకి మూడు దారులున్నాయి. కోడ్‌లో ఒక్కో హ్యాండ్లర్‌ని చేత్తో తగిలించడం ఒకటి, బేసిక్‌కాన్ఫిగ్ అనే ఒక్క పిలుపుతో ముగించడం రెండోది, మొత్తం అమరికని ఒక డిక్షనరీగా రాసి డిక్ట్‌కాన్ఫిగ్‌కి ఇవ్వడం మూడోది. రెండు గమ్యాలు దాటితే మూడోదే తీసుకోవాలి. బేసిక్‌కాన్ఫిగ్ చిన్న స్క్రిప్టులకి బాగానే ఉంటుంది. పైథాన్ 3.3 నుంచి దానికి హ్యాండ్లర్స్ అనే లిస్ట్ ఇవ్వవచ్చు, అంటే తెరా ఫైలూ రెండూ ఒకే లైన్‌లో అయిపోతాయి. కానీ రూట్‌కి అప్పటికే ఏదైనా హ్యాండ్లర్ ఉంటే అది ఏమీ చెయ్యదు, చెయ్యలేదని చెప్పదు కూడా. జూపిటర్ నోట్‌బుక్‌లో సెల్‌ని రెండోసారి నడిపినా, మీకంటే ముందు ఏ లైబ్రరీయో రూట్‌ని తాకినా ఇదే వరస. 3.8 నుంచి ఫోర్స్ అనే ఆప్షన్‌ని ట్రూ చేస్తే పాతవి తీసేసి కొత్తవి పెడుతుంది.

డిక్ట్‌కాన్ఫిగ్ 2.7లోనూ 3.2లోనూ చేరింది. డిక్షనరీలో ముందు వెర్షన్ 1 అని రాయాలి, అది తప్పనిసరి. తర్వాత ఫార్మాటర్లు, ఫిల్టర్లు, హ్యాండ్లర్లు, చివర రూట్. తెరకి స్ట్రీమ్‌హ్యాండ్లర్, లెవెల్ ఇన్ఫో. ఫైల్‌కి రొటేటింగ్‌ఫైల్‌హ్యాండ్లర్, లెవెల్ డీబగ్, మ్యాక్స్‌బైట్స్ 10485760, బ్యాకప్‌కౌంట్ 5. అంటే 10 ఎంబీ చొప్పున నడుస్తున్న ఫైల్ ఒకటి, పాతవి అయిదు, అన్నీ కలిపి డిస్క్ మీద 60 ఎంబీ. మెయిల్‌కి ఎస్‌ఎమ్‌టీపీహ్యాండ్లర్, లెవెల్ ఎర్రర్. హ్యాండ్లర్లన్నీ రూట్ దగ్గరే పెట్టి, మిగతా ఫైళ్ళలో మాడ్యూల్ పేరుతో గెట్‌లాగర్ అని పిలిచి వదిలేయాలి. లాగ్ పెట్టే ఫోల్డర్ ముందే ఉండాలని మరచిపోవద్దు. హ్యాండ్లర్ ఫైల్‌ని సృష్టిస్తుంది కానీ ఫోల్డర్‌ని సృష్టించదు.

మ్యాక్స్‌బైట్స్, బ్యాకప్‌కౌంట్ రెండిటిలో ఏది సున్నా అయినా రొటేషన్ (నిండిన ఫైల్‌ని పక్కన పెట్టి కొత్తది తెరవడం) జరగదు, రెండిటి డిఫాల్టూ సున్నాయే. పేరులో రొటేటింగ్ అని ఉంది కాబట్టి తిరుగుతుందిలే అనుకుంటే డిస్క్ నిండేదాకా ఒకే ఫైల్ పెరుగుతూ పోతుంది.

డిక్ట్‌కాన్ఫిగ్‌లో అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది డిజేబుల్_ఎగ్జిస్టింగ్_లాగర్స్ అనే ఆప్షన్. ఏమీ రాయకపోతే అది ట్రూ. అంటే అమరిక చేసేనాటికి పుట్టి ఉండి, డిక్షనరీలో తమ పేరో తమ పై లాగర్ పేరో లేని లాగర్లన్నీ నోరు మూసుకుంటాయి. ఇంపోర్టులు ఫైల్ మొదట్లోనే జరుగుతాయి కనుక మీ సొంత మాడ్యూళ్ళ లాగర్లు అప్పటికే పుట్టి ఉంటాయి. రూట్ నుంచి నేరుగా వచ్చేవి కనిపిస్తాయి, మాడ్యూళ్ళవి కనిపించవు, ఎర్రర్ ఏదీ రాదు. దీన్ని ఫాల్స్ చెయ్యకుండా డిక్ట్‌కాన్ఫిగ్ వాడాల్సిన సందర్భం మాకైతే తట్టడం లేదు. ఇలాంటి డిఫాల్ట్‌లే ఈ మాడ్యూల్‌కి చెడ్డపేరు తెచ్చాయి.

ఒకే లైన్ రెండుసార్లు పడుతుంటే కారణం దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి. పిల్ల లాగర్‌కీ రూట్‌కీ రెండిటికీ తెర హ్యాండ్లర్ ఉండి ఉండాలి, లేదా హ్యాండ్లర్‌ని తగిలించే కోడ్ పదేపదే పిలిచే ఫంక్షన్‌లో ఉండి ఉండాలి. అదే హ్యాండ్లర్ వస్తువుని మళ్ళీ తగిలిస్తే మాడ్యూల్ పట్టించుకోదు కానీ, ప్రతిసారీ కొత్తది తయారుచేసి తగిలిస్తే అవన్నీ పోగుపడతాయి. మూడోసారి పిలిచాక లైన్ మూడుసార్లు పడుతుంది. మొదటి కారణానికి, పిల్ల లాగర్‌లో సందేశాన్ని పైకి పంపే ప్రొపగేట్‌ని ఫాల్స్ చెయ్యడం ఒక మందు. హ్యాండ్లర్లని రూట్‌కే పరిమితం చెయ్యడం అంతకంటే మంచిది.

స్ట్రీమ్‌హ్యాండ్లర్‌కి ఏమీ చెప్పకపోతే, ప్రోగ్రామ్ తెరకి రాసే రెండు దారుల్లో స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాస్తుంది, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి కాదు. కొన్ని క్లౌడ్ సేవలు స్టాండర్డ్ ఎర్రర్‌లో వచ్చినదంతా ఎర్రర్ కిందే లెక్కేస్తాయి, అప్పుడు మామూలు ఇన్ఫో లైన్లు కూడా డ్యాష్‌బోర్డులో ఎర్రగా కనిపిస్తాయి. ఇన్ఫో వరకు ఒకదానిలోకి, వార్నింగ్ నుంచి రెండోదానిలోకి పంపాలంటే లెవెల్ ఒక్కటే చాలదు. లెవెల్ కింది హద్దే పెడుతుంది, పై హద్దు పెట్టదు. లెవెల్‌నో (సందేశం లెవెల్ అంకె) 30 కంటే తక్కువైతేనే ఒప్పుకునే చిన్న ఫిల్టర్‌ని స్టాండర్డ్ అవుట్‌పుట్ హ్యాండ్లర్‌కి తగిలించాలి. 3.2 నుంచి మామూలు ఫంక్షన్‌నే ఫిల్టర్‌గా ఇవ్వవచ్చు కాబట్టి ఇది ఒక లైన్ పని.

ఇప్పుడు ఒకేసారి పలు చోట్లకు పంపేవాళ్ళు మాత్రమే ఎదుర్కొనే సమస్య. హ్యాండ్లర్లన్నిటికీ చేరేది ఒకే రికార్డు (సందేశమూ దాని వివరాలూ ఉన్న వస్తువు), కాపీలు కావు. తెర మీద రంగులు రావాలని మొదటి ఫార్మాటర్‌లో లెవెల్‌నేమ్‌కి రంగు కోడ్‌లు అంటిస్తే, తర్వాత నడిచే ఫైల్‌హ్యాండ్లర్‌లోకీ అవే చెత్త గుర్తులు పోతాయి. ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చెప్పే జాబితా) విషయం ఇంకా కనపడనిది. మొదటి ఫార్మాటర్ ట్రేస్‌బ్యాక్‌ని టెక్స్ట్‌గా మార్చి రికార్డులోని ఎగ్జ్‌క్_టెక్స్ట్‌లో దాస్తుంది, రెండోది దాన్నే తిరిగి వాడుకుంటుంది. తెరకి ట్రేస్‌బ్యాక్‌ని ఒక్క లైన్‌కి కుదించే ఫార్మాటర్ రాసుకుంటే ఫైల్‌లో కూడా ఆ ఒక్క లైనే మిగులుతుంది, అసలు కావలసిన వివరం పోతుంది. హ్యాండ్లర్ల వరస మారిస్తే లక్షణం మారుతుంది కనుక పట్టుకోవడం కష్టం. మందు: ఫార్మాటర్‌లో రికార్డుని మార్చాల్సి వస్తే ముందు కాపీ చేసి ఆ కాపీని మార్చడం, ట్రేస్‌బ్యాక్‌ని సొంతంగా చెక్కే ఫార్మాటర్‌లో పని అయ్యాక ఎగ్జ్‌క్_టెక్స్ట్‌ని నన్ చేసి వదలడం. 3.12 నుంచి హ్యాండ్లర్‌కి తగిలించిన ఫిల్టర్ కొత్త రికార్డుని తిరిగి ఇవ్వవచ్చు, ఆ హ్యాండ్లర్ వరకే అది చెల్లుతుంది. ఫోన్ నంబర్లూ ఆధార్ అంకెలూ బయటి సర్వర్‌కి వెళ్ళే కాపీలో మాత్రం చెరిపేయాలనుకునేవాళ్ళకి ఇది చాలాకాలంగా కావలసిన సదుపాయం.

హ్యాండ్లర్లు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, అదీ లాగ్ పిలిచిన థ్రెడ్‌లోనే (థ్రెడ్ అంటే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనిధార). మెయిల్ సర్వర్ జవాబివ్వడానికి రెండు సెకన్లు తీసుకుంటే, ఆ ఎర్రర్ వచ్చిన వెబ్ రిక్వెస్ట్ కూడా రెండు సెకన్లు ఆగుతుంది. ఆ లోపు అదే హ్యాండ్లర్‌కి రావాల్సిన మిగతా థ్రెడ్‌లు దాని తాళం కోసం వరసలో నిలబడతాయి. హెచ్‌టీటీపీహ్యాండ్లర్‌ది కూడా ఇదే తీరు. ఒకే థ్రెడ్‌లో పనులన్నిటినీ వంతులవారీగా నడిపే అసింక్‌ఐఓ ప్రోగ్రామ్‌లో అయితే ఈవెంట్ లూప్ మొత్తం ఆగిపోతుంది.

దీనికి క్యూహ్యాండ్లర్, క్యూలిజనర్ జంట 3.2 నుంచి ఉంది. రూట్‌కి సందేశాల్ని వరసలో (క్యూలో) వేసే క్యూహ్యాండ్లర్ ఒక్కటే తగిలించి, అసలు హ్యాండ్లర్లన్నీ లిజనర్‌కి ఇస్తే, లిజనర్ తన సొంత థ్రెడ్‌లో తీరిగ్గా పంచుతుంది. ఇక్కడా డిఫాల్ట్ ఎదురు తిరుగుతుంది. 3.5లో వచ్చిన రెస్పెక్ట్_హ్యాండ్లర్_లెవెల్ ఆప్షన్ ట్రూ చెయ్యకపోతే లిజనర్ హ్యాండ్లర్ల లెవెల్స్‌ని లెక్కచెయ్యదు. ఎర్రర్‌లకి మాత్రమే అనుకున్న మెయిల్ డబ్బా డీబగ్ లైన్లతో నిండటం మొదలైతే చూడాల్సింది ఇదే. ఇంకొకటి: క్యూలో వేసే ముందే సందేశమూ ట్రేస్‌బ్యాకూ కలిపి ఒకే టెక్స్ట్‌గా తయారైపోతాయి కాబట్టి, ఎగ్జ్‌క్_ఇన్ఫో మీద ఆధారపడే మీ ఫార్మాటర్‌కి అవతల ఏమీ దొరకదు. 3.12కి ముందు ఈ జంటని డిక్ట్‌కాన్ఫిగ్‌లో రాయడం పెద్ద తంతు. 3.12 నుంచి క్యూహ్యాండ్లర్ కింద హ్యాండ్లర్ల పేర్లిస్తే లిజనర్ తనంతట తాను తయారవుతుంది. తయారవుతుంది కానీ మొదలవదు. గెట్‌హ్యాండ్లర్‌బైనేమ్‌తో ఆ హ్యాండ్లర్‌ని తీసుకుని, దాని లిజనర్‌ని స్టార్ట్ చేసి, ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు స్టాప్ అయ్యేలా ఎట్‌ఎగ్జిట్‌లో నమోదు చెయ్యాలి. స్టాప్ లేకపోతే చివరి లైన్లు క్యూలోనే ఉండిపోతాయి. ప్రోగ్రామ్ ఎందుకు పోయిందో చెప్పేవి ఆ చివరి లైన్లే.

మెయిల్ గురించి ఒక హెచ్చరిక. ఎస్‌ఎమ్‌టీపీహ్యాండ్లర్‌కి ఆపూ అదుపూ లేదు, రికార్డుకి ఒక మెయిల్. డేటాబేస్ పడిపోయి నిమిషానికి అయిదు వందల ఎర్రర్లు వస్తే అయిదు వందల మెయిళ్ళు, ఆ తర్వాత మెయిల్ సేవ మీ ఖాతానే ఆపేస్తుంది. మధ్యలో మెమరీహ్యాండ్లర్ పెడితే పోగేసి ఒకేసారి పంపుతుందని చాలామంది అనుకుంటారు. పోగేస్తుంది నిజమే, కానీ విడుదల చేసేటప్పుడు మళ్ళీ ఒక్కోటిగానే అందిస్తుంది. ఒకే మెయిల్‌లో యాభై లైన్లు రావాలంటే బఫరింగ్‌హ్యాండ్లర్ నుంచి సొంత క్లాసు రాసుకోవాల్సిందే.

ఫైల్ విషయంలో అసలు బలహీనత ఒక్కటే, అది పెద్దది. థ్రెడ్‌లు ఎన్ని ఉన్నా భయం లేదు, ప్రతి హ్యాండ్లర్‌కీ తాళం ఉంది. ప్రాసెస్‌లు (విడివిడిగా నడిచే ప్రోగ్రామ్ కాపీలు) ఒకటికి మించితే మాత్రం ఒకే ఫైల్‌లోకి రాయడానికి ఈ మాడ్యూల్ ఏ హామీ ఇవ్వదు. గూనికార్న్ అనే వెబ్ సర్వర్ కింద నాలుగు వర్కర్లు ఒకే రొటేటింగ్ ఫైల్‌ని పట్టుకున్నాయనుకోండి. ఒకటి ఫైల్ పేరు మార్చి కొత్తది తెరుస్తుంది. మిగతా మూడూ పేరు మారిన పాత ఫైల్‌లోకే రాస్తూ ఉంటాయి. తర్వాత వాటి వంతు వచ్చి అవీ పేర్లు మారుస్తాయి. లైన్లు అయిదారు ఫైళ్ళలో చెల్లాచెదురవుతాయి, పాతవి గడువు కంటే ముందే చెరిగిపోతాయి. విండోస్‌లో అయితే ఇంకో ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైల్ పేరు మార్చడమే కుదరదు, పర్మిషన్‌ఎర్రర్ వస్తుంది. లినక్స్‌లో రొటేషన్‌ని లాగ్‌రొటేట్ అనే సిస్టమ్ టూల్‌కి అప్పగించి వాచ్డ్‌ఫైల్‌హ్యాండ్లర్ వాడటం తేలిక దారి, ఫైల్ మారిందని గమనించి అదే తిరిగి తెరుచుకుంటుంది. కంటైనర్లలో ఫైల్ ఊసే వద్దు, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వదిలి మోసుకెళ్ళే పని ఫ్లుయెంట్ బిట్ లాంటి లాగ్ సేకరణ టూల్స్‌కి ఇవ్వడం మేలు.

టైమ్డ్‌రొటేటింగ్‌ఫైల్‌హ్యాండ్లర్ తేదీవారీగా కావాలనుకునేవాళ్ళకి. వెన్ అనే ఆప్షన్‌కి 'మిడ్‌నైట్' ఇవ్వండి, 'డీ' వద్దు. 'డీ' అంటే అర్ధరాత్రి కాదు, 24 గంటలు. చాలా వెర్షన్లలో ఆ 24 గంటల్ని, ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఫైల్‌ని ఆఖరున మార్చిన సమయం నుంచి లెక్కిస్తారు. క్రాన్ అనే షెడ్యూలర్‌లో గంటకోసారి నడిచే స్క్రిప్టు గంటకోసారి ఆ సమయాన్ని ముందుకి జరుపుతూనే ఉంటుంది, రొటేషన్ ఎప్పటికీ రాదు.

తెలుగు పేర్లూ చిరునామాలూ లాగ్‌లోకి వెళ్ళే అప్లికేషన్లు చూసుకోవాల్సింది ఎన్‌కోడింగ్. ఫైల్‌హ్యాండ్లర్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ డిఫాల్ట్ తీసుకుంటుంది. లినక్స్‌లో అది చాలావరకు యూటీఎఫ్-8 కాబట్టి ఏ సమస్యా తెలియదు. విండోస్‌లో పాత కోడ్ పేజీ అయితే 'శ్రీనివాస్' అనే పేరు దగ్గరే యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్. ప్రతి ఫైల్ హ్యాండ్లర్‌కీ యూటీఎఫ్-8 అని రాయండి. బేసిక్‌కాన్ఫిగ్‌లో ఆ వీలు 3.9లో వచ్చింది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరంలోనే నాలుగు సంకేతాలుంటాయి, అంటే 12 బైట్లు. ఇంగ్లిష్ లాగ్‌ల అలవాటుతో పెట్టిన 10 ఎంబీ అనుకున్నదానికంటే త్వరగా నిండుతుంది.

మెచ్చుకోవాల్సిన గుణం ఒకటి చెప్పాలి. ఇందాకటి యూనికోడ్ ఎర్రర్ వచ్చినా ప్రోగ్రామ్ ఆగదు, మిగతా హ్యాండ్లర్లూ ఆగవు. డిస్క్ నిండి ఫైల్‌హ్యాండ్లర్ విఫలమైతే దాని గోడు స్టాండర్డ్ ఎర్రర్‌లో పడుతుంది, సందేశం తెరకీ మెయిల్‌కీ వెళ్ళే పని సాగుతుంది. కానీ పోయిన లైన్‌ని మళ్ళీ ప్రయత్నించడం ఉండదు. సిస్‌లాగ్ అనే సిస్టమ్ లాగ్ సేవకి పంపే సిస్‌లాగ్‌హ్యాండ్లర్ అయితే గోడు కూడా వినిపించకపోవచ్చు. డిఫాల్ట్‌గా అది లోకల్‌హోస్ట్ (అదే మెషిన్) 514 పోర్టుకి, అందిందో లేదో చూడని యూడీపీ పద్ధతిలో పంపుతుంది, అవతల వినేవాళ్ళు లేకపోయినా మామూలుగా నిశ్శబ్దంగానే ఉంటుంది. అదే లినక్స్ మెషిన్‌లోని సిస్‌లాగ్‌కి అయితే అడ్రస్‌గా డెవ్ ఫోల్డర్‌లోని లాగ్ సాకెట్ దారి ఇవ్వాలి.

పోటీలో ఉన్నది లోగురు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే లైబ్రరీ. యాడ్ అని ఒక్కో గమ్యాన్నీ ఒక్కో లైన్‌లో చేర్చవచ్చు. రొటేషన్ '10 ఎంబీ', రిటెన్షన్ '10 డేస్', కంప్రెషన్ 'జిప్' అని మాటల్లో రాస్తే అర్థం చేసుకుంటుంది, ఎన్‌క్యూ ట్రూ చేస్తే క్యూతో పాటు పలు ప్రాసెస్‌ల సమస్యకీ జవాబు దొరుకుతుంది, సీరియలైజ్ ట్రూ చేస్తే జేసన్ (ప్రోగ్రామ్‌లు తేలిగ్గా చదవగల రూపం) వస్తుంది. ఈ జేసన్ సదుపాయం ప్రామాణిక మాడ్యూల్‌లో లేనే లేదు, జేసన్ ఫార్మాటర్ బయటినుంచి తెచ్చుకోవాలి లేదా సొంతంగా రాసుకోవాలి. లోగురులో రెండు జాగ్రత్తలు: ముందే ఉన్న తెర గమ్యాన్ని రిమూవ్‌తో తీసెయ్యకపోతే లైన్లు రెండేసి పడతాయి. డయాగ్నోజ్ డిఫాల్ట్‌గా ట్రూ కాబట్టి ట్రేస్‌బ్యాక్‌లో వేరియబుల్స్ విలువలు కూడా అచ్చవుతాయి, వాటిలో పాస్‌వర్డ్ ఉంటే అదీ. ప్రొడక్షన్‌లో ఫాల్స్ చెయ్యండి.

ఒంటరిగా రాసే స్క్రిప్టుకీ చిన్న సర్వీసుకీ లోగురు తీసుకోండి, అరగంటలో పని అయిపోతుంది. పెద్ద ప్రాజెక్టులో మాత్రం లెక్క వేరు. జాంగో, రిక్వెస్ట్స్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అన్నీ ప్రామాణిక మాడ్యూల్‌తోనే లాగ్ చేస్తాయి. వాటి లైన్లు లోగురులోకి రావాలంటే ఇంటర్‌సెప్ట్‌హ్యాండ్లర్ అనే వంతెన రాసి రూట్ లాగర్‌కి తగిలించాలి, అంటే లెవెలూ ప్రొపగేటూ డిజేబుల్_ఎగ్జిస్టింగ్_లాగర్సూ మళ్ళీ మీ ముందుకే వస్తాయి. ఇతరులు వాడే లైబ్రరీ రాస్తున్నవాళ్ళకైతే ఎంపికే లేదు: ప్రామాణిక లాగర్, దానికి ఏమీ చెయ్యని ఒక నల్‌హ్యాండ్లర్, అంతకుమించి ఒక్క హ్యాండ్లర్ కూడా తగిలించకూడదు.